కీ మార్చిన రోజు

"మార్చెయ్ చెల్లె. ఇగ ఆ మనిషి చెయ్యి మన డబ్బా మీద పడొద్దు," అన్నాడు మల్లేశ్.

ప్రగతి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. చేవెళ్ల బస్టాండు వెనక ఉన్న ఆ ఇంటర్నెట్ ఆఫీసుకు యజమాని మల్లేశ్. కంప్యూటర్ల పని ప్రగతిది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు ఏ సైటు పేరు కొట్టినా, అదెక్కడుందో వెతికి చెప్పేది మూలనున్న నల్ల డబ్బా. దాన్ని మొయినాబాద్‌లో తన ఇంట్లో కూచునే నడిపిస్తాడు పెద్దాయన తాతారావు. ఆయన దగ్గరున్న రహస్యపు కీ, డబ్బాలో ఉన్న కీ ఒకటే అయితేనే అది ఆయన మాట వింటుంది.

"రోజు పొద్దుగాల దాన్ని సక్కజేసేది ఆయనే గదన్నా. ఒక్క పైస గూడ అడగడాయె."

"ఊకెనే ఎవడు జేస్తడమ్మా ఈ కాలంల? మన ముచ్చట్లన్ని పక్క కంపెనీకి మోస్తుండొచ్చు."

"మోసుడు నువ్వు జూసినవా?"

మల్లేశ్ తన ఫోన్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇగో, ఇది జూడు. వానకాలం సంది ఫోన్ ఎత్తుతలేడు. నాకు టైపు చేసుడు రాదని ఎరికే గద! నేను నోటితోని మెసేజ్ పెడ్త. ఆయనేం పెడ్తడు? 'సరే.' 'చూస్తాను.' 'అయింది.' ఏడో తరగతిల బడి బంద్ జేసినోనితోని మాటలెందుకని గింత అలుసు!"

కోపంగానే అన్నాడు కానీ, పాత రోజులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు ఆ మనిషి ఫోన్ చేస్తే చెవి వేడెక్కేది. డబ్బా సంగతి రెండు ముక్కలు, తక్కినదంతా గోదావరి వరదలూ, పులసల రుచీ, లోకాభిరామాయణం. మల్లేశ్‌ను "ఏవయ్యా ఇంజనీరూ" అని పిలిచినవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడే.

"నీ ఇష్టమన్నా," అని ప్రగతి ఏదో కొట్టింది. అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా తెర మీద ఒక వరస పడింది. అదే కొత్త కీ. పాతది తుడిచేసి, డబ్బాను ఆపి మళ్లీ ఆన్ చేసింది. "అయిపోయింది. ఇగ ఆయనెంత పిలిచినా ఇది పలుకది."

మల్లేశ్ ఫోన్‌ను మూతి దగ్గర పెట్టుకుని బటన్ నొక్కాడు. "తాతారావు సారూ, కీ మార్చినం. మీ పెద్దరికం మీ దగ్గర్నే పెట్టుకోండ్రి. మాతోని పనుంటె మంచిగ మాట్లాడుండ్రి, లేకుంటె లేదు."

జవాబు వెంటనే వచ్చింది. ఎప్పట్లాగే అక్షరాలే.

"మంచి పని చేశావు. కొత్త కీ ఎవరికీ ఇవ్వకు. నాక్కూడా."

మల్లేశ్ దాన్ని ఒకటికి రెండుసార్లు చదివాడు. తిట్టినా బాగుండేది. తిట్టని మనిషి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? చాయ్ తెప్పించుకున్నాడు, సగం తాగి వదిలేశాడు. "పాతది మళ్ల పెట్టొస్తదా?" అని నసిగాడు.

"తుడిచేసినంక యాడికెల్లి వస్తదన్నా?" అంది ప్రగతి, తల తిప్పకుండానే.

ఇక కూచోలేక బండి తీశాడు. మొయినాబాద్ చేరేదాకా చలిగాలి మొహాన కొడుతూనే ఉంది.

తాతారావు భార్య బాలసరస్వతి తలుపు తీసింది. "రండి, లోపలున్నారు," అని దారి ఇచ్చి, అటునుంచి అటే వంటింట్లోకి వెళ్లిపోయింది. సోఫాలో తాతారావు, మెడకు మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. మల్లేశ్‌ను చూడగానే లేచి, చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టుకున్నాడు.

ఆ చెయ్యి తగలగానే మల్లేశ్ కరిగిపోయాడు. "తప్పయింది సార్. తొందరపడ్డ. కొత్త కీ నేనే తెచ్చి మీ చేతుల పెడ్త. మీరు లేకుంటె ఆ డబ్బా నాకెందుకు?"

తాతారావు నవ్వాడు. భుజం తట్టాడు.

"తిట్టుండ్రి సార్. మీకా హక్కుంది. గట్ల సప్పుడు జేయక కూసుంటె నాకు పానం గుంజుతున్నది. ఒక్క మాటన్న అనుండ్రి!"

తాతారావు బల్ల మీది ఫోన్ అందుకున్నాడు. బొటనవేలు గబగబా కదిలింది. మల్లేశ్ జేబులో టింగుమంది.

మల్లేశ్‌కు నెత్తురు తలకెక్కింది. "ఎదురుంగ కూసున్నంక గూడ గివే అక్షరాలా సార్? మా మొకాలకు మాట గూడ దండుగేనా?" అంటూ విసురుగా ఫోన్ బయటికి లాగి చూశాడు.

"క్యాన్సర్‌కి గొంతు తీసేశారు మల్లేశ్. ఇక ఇద్దరి మాటలూ నువ్వే మాట్లాడాలి."