మంగ పుట్టెంట్రుకలు

వేపచెట్టు కింద పది మంది పిల్లల జుట్టు ఒకే కుప్పగా పడి ఉంది.

కత్తెర పట్టిన నందిని బొటనవేలికి బొబ్బ లేచింది. అయినా ఆపలేదు.

చిత్తూరులో బెల్లం మండీ వాళ్లమ్మాయి. ఇంట్లో గ్లాసు కడిగిన పాపాన పోలేదు. ఈ అనాథాశ్రమంలో మాత్రం ప్రతి పిల్లకూ నందినక్కే కావాలి. ఆ పిలుపు కోసమే కాలేజీలోని క్రైస్తవ బృందంతో కలిసి ప్రతి శనివారం వ్యానెక్కుతుంది. మంచి పని ఎవరితో చేస్తే ఏమిలే అని వాళ్ల నాయన కూడా ఊరుకున్నాడు.

ఆ వారం పని, పిల్లల తలల్లో పేలు. వార్డెనమ్మ ఊళ్లో లేదు. మందు రాసే కంటే కత్తిరించేస్తే పీడా పోతుందని బృందం పెద్ద సునీల్‌కుమార్ తేల్చేశాడు.

చివరికి మంగ కూర్చుంది. ఐదేళ్లది. హోంకు వచ్చి నెలే అయింది. జడ నడుము దాటింది. కొసన పసుపు దారం.

"వద్దక్కా. మాయమ్మ తిడతాది."

వద్దనని పిల్ల ఎవరు? ముందు కూర్చున్న పది మందీ ఏదో ఒక వంక చెప్పినవాళ్లే.

"మళ్లా పెరుగుతాదిలే బంగారూ" అని నవ్వి, నందిని పసుపు దారం విప్పి పక్కన పడేసింది. నాలుగు కోతల్లో జడ తెగింది.

పేలు మళ్లీ పాకుతాయని కుప్ప మీద కిరసనాయిలు పోశారు. అగ్గిపుల్ల తనే గీసింది. పిల్లలు ముక్కులు మూసుకుని ఒకటే ఎగరడం. ఆ సాయంత్రం నందిని ఎంత సంతోషంగా ఇంటికి పోయిందో చెప్పలేం.

మరుసటి శనివారం వ్యాను దిగేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ఆమె ఒంటికి చీర రెండు చుట్లు ఎక్కువే తిరిగింది. ఒడిలో మంగ. పక్కన గుడ్డసంచి, అందులో కొత్త గౌను, పసుపూ కుంకుమా.

మంగ తల్లి నాగులమ్మ. శనివారం మంచిదని, బిడ్డను తిరుమల కొండకు తీసుకుపోదామని వచ్చింది.

జుట్టు ముట్టొద్దని చేర్చినప్పుడే ఈమె చెప్పింది, ఆ మాట మీకు చెప్పకుండా ఊరెళ్లింది నేనే, అని వార్డెనమ్మ నసిగింది.

అవి పుట్టెంట్రుకలు. పుట్టినప్పటి నుంచి కత్తెర తగలనివి. నెల బిడ్డ ఊపిరాడక నీలం తిరిగిపోతే, బతికితే ఐదో ఏట నీకే ఇస్తాను సామీ అని తల్లి మొక్కుకుంది. ఆ తర్వాత మొగుడు జబ్బు చేసి పోయాడు. అదే జబ్బు ఇప్పుడు ఆమెకు. దీపావళి దాటడం కష్టమన్నాడట డాక్టరు. ఈ హోంలో బిడ్డకు నీడ చూసిపెట్టింది. ఇంక మిగిలింది మొక్కొక్కటే. అది బిడ్డ నెత్తిన పెట్టి పోకూడదు.

నందిని మంగ తల వైపు చూసింది.

సునీల్‌కు తెలియదంటే అర్థం ఉంది, వాళ్లింట్లో ఈ ఆచారం లేదు. తనకేమొచ్చింది? చిన్నప్పుడు కొండ మీద గుండుతో తను ఏడుస్తున్న ఫొటో మండీలో గల్లాపెట్టె పైనే వేలాడుతోంది. మొక్కుకు కట్టిన ఆ పసుపు దారం విప్పింది ఈ చేతులే కదా. కళ్లుండీ గుడ్డిదాన్నయ్యానే అని తనను తాను తిట్టుకుంది.

దేవుడు జుట్టు చూడడమ్మా, మనసు చూస్తాడు, ప్రార్థన చేద్దాం అన్నాడు సునీల్. మంచివాడే, మనసారానే అన్నాడు.

నాగులమ్మ చేతులు జోడించింది.

"మీ దేవుడు సూడడేమో నాయనా. నేను మాటిచ్చింది ఆయనకు గాదు గదా."

కోపంగా అని ఉంటే బాగుండేది.

తలమీద ఉన్నదే తీయించమని వార్డెనమ్మ సలహా. కత్తెర ఎంగిలి చేసినాక సామికి ఎట్లా ఇచ్చేది అని నాగులమ్మ అడ్డంగా తలూపింది. తర్వాత నందినిని అడిగింది.

"ఆ యెంట్రుకలు యాడుండాయి మా? పేలున్నా పర్లేదు. మూటగట్టుకోని పోతాను."

మంగే చెయ్యి చాపి వేపచెట్టు వైపు చూపించింది. అక్కడ నేల ఇంకా నల్లగానే ఉంది.

నాగులమ్మ అటు చూసింది. కళ్లు నిండాయి.

మంగ తల్లి చెంపలు రెండు చేతులా పట్టుకుంది. "ఏడ్సొద్దుమా. మళ్లా పెరుగుతాదంట. అక్క సెప్పింది."

నందిని మెట్ల కింద కూలబడి, తప్పయిపోయిందక్కా అని గట్టిగా ఏడ్చేసింది.

నాగులమ్మ ఆమె ఏడుపు ఆగేదాకా ఆగింది. గుడ్డసంచి తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది.

"సామి ఓర్సుకుంటాడులే. పెరిగినాక నువ్వు కొండకు పిల్చుకోని పోతావా మా?"

నందిని తలూపింది.

నాగులమ్మ ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ సంచిలో చెయ్యి పెట్టి గౌను బయటికి తీసింది.

"ఇది మాత్రం ఇప్పుడే తొడుగుతాను. అప్పటికి పొట్టయిపోతాది."