ముందు చక్రం

పదకొండేళ్లుగా షెడ్డు మూలన పడి ఉన్న బండి మీంచి మెకానిక్ టార్పాలిన్ లాగేశాడు. దుమ్ము గుప్పుమంది. వెనకే వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"దాన్ని మళ్లీ ఎందుకు కదుపుతారు?"

"బాగు చేస్తాను."

"చేసి?"

"ముందు చెయ్యనీ."

బండి అతని తమ్ముడిది. వయసులో తమ్ముడి కంటే, ఆ మాటకొస్తే అతని కంటే కూడా పెద్దది. పాత సామాన్ల కొట్టులో దొరికితే అన్నదమ్ములిద్దరూ ఏడాదిపాటు దాంతోనే కాపురం చేశారు. చివరికో శనివారం సాయంత్రం అన్న దాని ముందు చక్రానికి బ్రేకు బిగించాడు. ఆదివారం పొద్దున తమ్ముడు బండి తీశాడు. కొండ దిగే మలుపులో గోడకి గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు.

అతివేగం అని కాగితాల్లో రాశారు. ఆ మాట అన్నకి మింగుడు పడలేదు. తమ్ముడు సైకిలు కూడా నడిచినంత నెమ్మదిగా తొక్కే రకం. ఆ రోజు నుంచి షాపుకొచ్చిన ఏ బండి బ్రేకూ అతను ముట్టుకోలేదు. పనివాళ్లకి వదిలేసేవాడు.

"కొత్త పిన్ను డబ్బాలోంచి తీశాను. అది గుర్తుంది," అన్నాడు ఓ మధ్యాహ్నం, భార్య టీ తెచ్చినప్పుడు. "అంతలో వీధిలోంచి ఎవరో పిలిచారు. వెళ్లొచ్చి చక్రం ఎక్కించేశాను. మధ్యలో పిన్ను పెట్టానా, లేదా? ఇన్నేళ్లుగా ఆ ఒక్కటే గుర్తు రావడం లేదు."

స్ప్లిట్ పిన్ను అంటే వేలెడంత కూడా ఉండదు. రెండు కాళ్ల ఇనప పుల్ల. చక్రాన్ని లోపల్నుంచి ఒత్తి ఆపే బ్రేకు షూ జారిపోకుండా పట్టి ఉంచేది అదే. అది లేకపోయినా బండి నడుస్తుంది. పల్లంలో బ్రేకు నొక్కినప్పుడు తెలుస్తుంది.

"చక్రం విప్పితే తేలిపోతుంది. పిన్ను ఉంటే నా తప్పు లేదు."

"లేకపోతే?"

ఇంజను దించే గొలుసు దూలానికి వేలాడుతోంది. అతను దాని వంకే చూస్తూ టీ తాగాడు. ఆమె కూడా ఆ గొలుసు వంక చూసింది.

పని సాగింది. ట్యాంకు తుప్పు వదిలింది. ఇంజను ముక్కలు ముక్కలై మళ్లీ ఒక్కటయింది. బండిని చూస్తే ముచ్చటేసేది, మనిషిని చూస్తే భయమేసేది. షాపు తాళాలు పెద్ద పనివాడికి ఇచ్చేశాడు. బీరువాలో కాగితాలు సర్ది, ఏది ఎక్కడుందో ఆమెకి రెండుసార్లు చెప్పాడు. ముందు చక్రం జోలికి మాత్రం వెళ్లలేదు. అది ఆఖరున.

వెనక బ్రేకు బిగించిన రోజు ఆమె పక్కనే గొంతుక్కూర్చుని చూసింది. అతను పిన్ను దూర్చి ఒక కాలు సగానికి కత్తిరించాడు. రెండింటినీ చెరో వైపుకి వంచాడు.

"అదేంటి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి?"

"నా చేత్తో వేసిందని నాకు తెలియడానికి. పొడుగుది ఎప్పుడూ కుడివైపే."

మర్నాడు వంటింటి కిటికీలో ఓ గాజు గ్లాసు కనిపించింది. అడుగున ఎర్రటి మడ్డి.

"ఇదేంటి?"

"ఉప్పునీళ్లు. గొంతు నొప్పి, పుక్కిలిద్దామని."

"ఎర్రగా ఉన్నాయేంటి?"

"ట్యాంకు తుప్పంతా ఇంట్లో పరిచి నన్నడుగుతారా?"

అతను తల దించుకుని బయటికి నడిచాడు.

ఆ వారమే హ్యాండిలూ సైలెన్సరూ పట్టుకుని పాలిష్ షాపుకి వెళ్లాడు. రోజంతా అక్కడే అయింది. తిరిగొచ్చేసరికి షెడ్డులో ఏదో తేడాగా ఉంది. గోడ మీది పానాల బోర్డు అతని ప్రాణం. అన్నం ఆలస్యమైతే ఊరుకుంటాడు గానీ, ఒక మేకుకి ఉండాల్సిన పానా ఇంకో మేకుకి ఉంటే ఊరుకోడు. ఇప్పుడు పదిహేడో నంబరుది పంతొమ్మిది మేకుకి ఉంది.

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు? నేనే దుమ్ము దులిపాను."

ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

"వేలికేమైంది?"

"తలుపు సందులో పడింది."

ఇంకో రోజైతే గుడ్డ విప్పించి చూసేవాడే. ఆ రోజు అతని మనసు మనసులో లేదు. "రేపు ముందు చక్రం," అన్నాడు. ఆమె తలూపింది.

పొద్దున్నే మొదలుపెట్టాడు. పదకొండేళ్లు కదలని నట్టు మొరాయిస్తుందనుకున్నాడు. ఇట్టే తిరిగింది. ఆశ్చర్యపోయే తీరిక కూడా లేదు, రెండు చేతులా చక్రం పట్టి లాగాడు. చక్రం ఊడొచ్చింది. అతను కళ్లు మూసేసుకున్నాడు.

"నువ్వు చూసి చెప్పు."

"మీరే చూడండి," అంది ఆమె, గొలుసుకీ అతనికీ మధ్య నిలబడి.

వేలితో తడిమాడు. ఏదో గుచ్చుకుంది. కళ్లు తెరిచాడు. తుప్పుపట్టిన పిన్ను. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. పొడుగుది కుడివైపుకే.

అతను నేల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"నా చెయ్యి కాదే. వాణ్ణి చంపింది నా చెయ్యి కాదు."

"కాదండీ. మీది కాదు," అంటూ ఆమె పక్కనే కూర్చుని అతని తల ఒళ్లోకి తీసుకుంది.

పదకొండేళ్ల కిందట ఆ ఆదివారం పొద్దున, మరిది బండి వీధి మలుపు తిరిగిన కాసేపటికి, షెడ్డు ఊడుస్తున్న ఆమె చీపురుకి బల్ల కింద తగిలింది, రెండు కాళ్లూ సమానంగా, కొత్తగా మెరుస్తూ, ఆ పిన్నే.