కొండమ్మ గీసిన గీత

మంట ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయింది. ఎవరు ఆపారో ఊరందరికీ తెలుసు. కొండమ్మ ఆపింది.

పెంచలనరసయ్య మాత్రం ఆ మాట పూర్తిగా నమ్మలేదు. అమ్మ మీద భక్తి లేక కాదు, మనుషుల మీద నమ్మకం లేక.

మర్రిపాడు దాటాక కొండ పంచన ఉన్న ఊరు అది. కొండ అంటుకున్న రోజు ఆత్మకూరు నుంచి ఫైరింజను వచ్చింది కానీ, ఆ రాళ్ళదారిలో ఊరి దాకా ఎక్కలేకపోయింది. జనం పిల్లల్నీ గొర్రెల్నీ తోలుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు. వెనక్కి తిరిగి చూస్తే కొండకీ ఊరికీ మధ్యనున్న బీడు దగ్గర మంట చప్పగా చల్లారిపోయింది. బీట్లో కాలడానికి గడ్డిపరక లేదు.

"అమ్మే గడ్డి మాయం చేసి గీత గీసినాది!" అని శీనమ్మ భోరుమంది. అందరూ కొండకేసి దండాలు పెట్టారు. కాలని తన ఇల్లు చూసుకుని పెంచలనరసయ్య కూడా ఏడ్చాడు.

ఏడుపు ఆగాక అనుమానం మొదలైంది.

వానలు పడే దాకా ఆ బీట్లో ఎవరూ గొర్రెను దింపకూడదు. దింపినవాడి మందను ఏడాది పాటు కొండ ఎక్కనివ్వరు. అది ఊరి కట్టుబాటు. బీటికి కాపలా పెద్ద పెంచలనరసయ్యే. కాపలావాడు ఏం చేస్తున్నాడని రేపు ఎవడైనా అడిగితే పరువు గంగలో కలుస్తుంది. అడగకముందే దొంగను పట్టాలి. అంత బీడును బోడి చేశాడంటే వాడు మామూలు దొంగ కాదు!

గోపాలయ్య గొర్రెలు ఎండల్లోనూ నున్నగా ఉన్నాయి.

"ఏందిరా గోపాలా, నీ మంద ఇంత బలిసింది?"

"నీయి మాత్రం బక్కచిక్కినాయా మామా?"

"నాయి వేపాకు తింటాయిరా. బీట్లో గడ్డి ఏమైపోయినాదో నీకు తెల్సా?"

"నాకేం తెల్సు? మొన్న దోవన పోతా చూసినాను. మోకాలెత్తు ఉండాది."

నారాయణయ్యను అడిగితే అతనూ మోకాలెత్తే అన్నాడు. శీనమ్మ అయితే నడుమెత్తు అంది. పెంచలనరసయ్య ఎవరినీ నమ్మలేదు.

మంగళవారం ఊరంతా కొండమ్మకు మొక్కు తీర్చే పొంగళ్ళు. గుడి ముందు మూడేసి రాళ్ళతో పొయ్యిలు లేచాయి. పెంచలనరసయ్య అరుగెక్కి నిలబడ్డాడు.

"బీట్లో గొర్రెను దింపినోళ్ళు అమ్మ ముందు పొయ్యి ముట్టించగూడదు. ముట్టిస్తే వాళ్ళ మంద నిలవదు. మిగతావోళ్ళు ముట్టియ్యండి."

అందరూ అమ్మవారికేసి చూశారు. గోపాలయ్య అగ్గిపుల్ల తీశాడు, మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

దొరికాడు!

ఇటు తిరిగితే నారాయణయ్య కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడుగుతున్నాడు. శీనమ్మ పుల్లలు పచ్చిగా ఉన్నాయని సణుగుతోంది.

"ఏందయ్యా, ఊరోళ్ళ మొకాలు చూస్తా నిలబడినావు? పెద్దోడివి, ముందు మన పొయ్యి ముట్టియ్యి," అంది అతని భార్య చెంచమ్మ.

ఆ పూట ఊరు ఊరంతా కళ్ళనీళ్ళతో కొండమ్మకు పచ్చి బియ్యమే నైవేద్యం పెట్టింది. అందరికంటే ముందు పెట్టినవాడు పెంచలనరసయ్య.