పాలు పొంగించే ఇంజినీరు

ఆ కాలానికి రిజిస్టరైన గ్యాస్ ఇంజినీరు చెయ్యి వేస్తే తప్ప ఏ కొత్త ఇంట్లోనూ తొలి మంట వెలిగేది కాదు. అందుకే గృహప్రవేశాల్లో పురోహితుడి పక్కనే ఆయనకూ పీట వేసేవారు. పాలు పొంగి మంట ఆరిపోయిందంటే మాత్రం పొయ్యే పై ఆఫీసుకు కబురు పంపేది, ఆయన రిజిస్ట్రేషన్ అక్కడికక్కడే రద్దయిపోయేది.

మబ్బులు తగిలే నలభయ్యో అంతస్తులో వరహాలమ్మ కొత్త ఇంటికి వచ్చిన సన్నిబాబుకు మెడలో వేలాడే ఆ రిజిస్ట్రేషన్ బిళ్ళే కూడూ గుడ్డా. పొయ్యి మీద స్టీలు గిన్నె చూసి, "కుండ లేదేటమ్మా?" అన్నాడు. మట్టికుండ తెచ్చి పాలు పోశారు.

నురగ అంచుకు రాకముందే మంట ఆర్పేశాడు.

"బిళ్ళ ఏసుకుని పాలకి భయమేటి బావూ?" అని వరహాలమ్మ ఆడపడుచు వెక్కిరించింది.

వరహాలమ్మ మొహం చిన్నబోయింది. "పొంగకపోతే ఇది ఇల్లెలాగవుతాది?"

"ఉండమ్మా. మంటని కుండ ఇంకా మర్చిపోలేదు."

కిటికీలోంచి మబ్బు తునక ఒకటి వచ్చి పొయ్యి చుట్టూ తిరిగింది. మంట లేని పొయ్యి మీద నురగ నిద్రలోంచి లేచినట్టు మెల్లగా లేచి, అంచు దాటి, జారింది. ఆర్పడానికి మంటే లేదు గనక పొయ్యి కబురేమీ పంపలేదు. తెల్లటి వెచ్చదనం నాబ్ మీదున్న సన్నిబాబు వేళ్ళదాకా పారింది. ఆయన చెయ్యి తియ్యలేదు.