పాంగ్ బాబాయి సిగరెట్ మానేశాడు

పాంగ్ బాబాయి గంట నుంచీ నా కొట్లో ఈ-సిగరెట్ ఎంచుకుంటున్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని పరీక్షలు పెట్టి ఉండడు. ఒకటి మరీ బరువట. ఇంకొకటి అచ్చం వాళ్ళమ్మాయి లిప్‌స్టిక్‌లా ఉందట.

"నలభై ఏళ్ళ అలవాటు, అమ్మాయ్. ఇది కొనడం మొదటిసారి. కాస్త ఓపిక పట్టు."

"ఇప్పుడెందుకు మానడం, బాబాయ్?"

"మనవరాలికి రేపటికి నెల నిండుతుంది. పొగ వాసనొస్తే పిల్లని ముట్టనివ్వనంది మా అమ్మాయి. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎత్తుకోలేదే!"

చివరికి నల్లదొకటి తీసుకున్నాడు. ఛార్జింగ్ ఎలా పెట్టాలో మూడుసార్లు చెప్పించుకున్నాడు. జేబులోని సిగరెట్ పెట్టె, లైటరు చెత్తబుట్టలో పడేసి చేతులు దులుపుకున్నాడు. మనసులో వెక్కిరించినందుకు నాకే సిగ్గేసింది.

అప్పుడు ఇంకో జేబులోంచి చీటీ తీశాడు. "రేపు నెల విందు. ఇరవై బల్లలు. బల్లకి రెండు చొప్పున ఖరీదైన సిగరెట్ పెట్టెలు కట్టు. అవి లేకుండా విందేమిటని చెంగ్డూ ఊరంతా చెప్పుకోరూ?"

"అన్నీ ఎవరు వెలిగిస్తారు?"

"తాతని నేనుండగా ఇంకెవరు? బల్లబల్లకీ తిరిగి ఒక్కొక్కరికీ నేనే వెలిగించాలి." వంగి, చెత్తబుట్టలోంచి లైటరు తీసుకున్నాడు.

"మరి పిల్ల?"

"పిల్ల నా చంకలోనే ఉంటుంది. అందుకే కదమ్మా నేను మానేసింది!"