మూల గదిలో మాట

"హాలు వంకరగున్నది దొరా. రెండు స్పీకర్లు సాలవు," అన్నాడు మైకుసెట్టు దావీదు, యాంప్లిఫయరు బల్ల మీద పెడుతూ.

నిజాం లొంగిపోయి వారమైంది. మెదక్‌కు వచ్చిన మిలిటరీ అధికారులకు మదన్ మోహన్ రావు దొర తన బంగళాలో సన్మానం పెట్టుకున్నాడు.

"మూడోది మూల గదిల పెట్టు. ఆడోళ్లు ఆడ కూసుంటరు. హాల్ల మాట గదిలకు పోదు, గదిల మాట హాల్లకు రాదు," అన్నాడు దొర.

వైర్లు మోస్తున్న ఎలిశిబా ఆగిపోయింది. ఆమె దావీదు చెల్లెలు. మొన్నటి వానల్లో, ఈ బంగళాలో దిగిన రజాకార్లు ఆమె భర్తను ఆ గదిలోనే కొట్టి చంపారు. అప్పుడు దొర హాల్లో భోజనం చేస్తున్నాడు. "ఇనబడితే ఊకుందునా?" అని తర్వాత ఆమెతో అన్నాడు. ఆమె నమ్మింది.

ఎలిశిబా గదిలోకి వెళ్లింది. గొంతు పెంచకుండానే అడిగింది.

"అన్నా, ఇనబడుతున్నదా?"

మైకు ఇంకా కలపనే లేదు, అయినా హాల్లోకి పక్కన నిలబడి అడిగినట్టే వినబడింది. దావీదు దొర వైపు చూశాడు. దొర కిటికీ వైపు తిరిగాడు.

"ఇనబడుతున్నదమ్మా. అంతా ఇనబడుతున్నది."

ఎలిశిబా బయటికొచ్చి దొర ముందు నిలబడింది.

"నీళ్లడిగిండా దొరా? ఆఖరుకు ఏమన్నడు?"

"పెద్దోళ్లొచ్చే యాళ్లయింది. గియ్యన్ని ఇప్పుడెందుకు?"

దావీదు వైర్లు పీకేశాడు. ఇద్దరూ సామాను మోసుకుని వచ్చేశారు.

సన్మానం ఆగలేదు. నర్సాపూర్ నుంచి వేరే సెట్టు తెప్పించారు. రజాకార్లను తానెలా ఎదిరించాడో దొర చెబుతుంటే, ఆ గొంతు వీధి చివర ఎలిశిబా ఇంటి దాకా వినిపించింది.