పప్పుచారులో బల్లి

“ఇంకాస్త గట్టిగా నొక్కనా?” అంది సంపూర్ణమ్మ.

“అయ్యో, వద్దు మామ్మగారూ. ఆవిడ ఎముకలు అసలే పెళుసు. కాలి బొటనవేలి కొస మీద మెల్లగా నొక్కి వదిలెయ్యాలి,” అంది జుబియా.

జుబియా ఆక్యుప్రెషర్ చేస్తుంది. గుణదలలో ఉన్న ఆ వృద్ధాశ్రమానికి వారం వారం వచ్చి ముసలివాళ్ళ అరచేతులూ అరికాళ్ళూ నొక్కి వెళ్తుంది.

మంచం మీద బుల్లెమ్మ ఫ్యాను వంక చూస్తోంది. ఎవర్నీ గుర్తుపట్టదు. పెడితే తింటుంది, లేకపోతే లేదు.

“బొటనవేలు మెదడుకి పాయింటన్నావు. మతి తిరిగొస్తుందా మరి?”

“అంత మాట నేననలేనండీ. ఒంటికి హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. రోజూ ఎవరైనా దగ్గర కూర్చుని చేస్తుంటే ఒక్కోసారి మాటా మంతీ కూడా వస్తాయి.”

ఆ ‘ఒక్కోసారి’ చాలు సంపూర్ణమ్మకి. వారం దాకా ఆగేదేమిటి, రోజూ తనే నొక్కుతానంది.

“సొంత అక్కకైనా ఇంత చెయ్యరండీ,” అని మురిసిపోయింది వార్డెన్ తెరేసమ్మ.

అక్కట, అక్క! సంపూర్ణమ్మ పళ్ళు నూరుకుంది.

ఒకప్పుడు హనుమాన్ జంక్షన్‌లో వాళ్ళిద్దరివీ ఎదురెదురు మెస్సులు. సంపూర్ణమ్మ పప్పుచారు కోసం డ్రైవర్లు పని గట్టుకుని బస్సు అక్కడే ఆపేవాళ్ళు. ఎదురుగా బుల్లెమ్మ ఈగలు తోలుకునేది. చూసి చూసి, ఓ మధ్యాహ్నం ఆవిడ రోడ్డు మీదకొచ్చి ఒకే ఒక్క మాట అంది.

“వాళ్ళ పప్పుచారులో బల్లి పడిందంట.”

పడిందని కాదు, పడిందంట. ఆ ‘అంట’ని పట్టుకుని ఎవర్ని నిలదీస్తారు? నెల తిరక్కుండా మెస్సు ఖాళీ అయిపోయింది. మొగుడు రత్తయ్య వెళ్ళి ఇదేం అన్యాయమని అడిగితే గుమ్మంలోంచే కసిరింది బుల్లెమ్మ.

“మీ ఆవిడకి చేతి వంట చూసుకుని ఒళ్ళంతా పొగరు. నలుగురిలో వచ్చి నా కాళ్ళు పట్టుకోమను. బల్లి పడలేదని నేనే చెప్తా.”

చస్తే పోనంది సంపూర్ణమ్మ. పోలేదు. మెస్సుకి తాళం పడింది. నలుగురికి పెట్టిన రత్తయ్య ఇంకొకళ్ళ హోటల్లో ఎంగిలి బల్లలు తుడిచాడు. ఆ తుడుపుగుడ్డ భుజం మీద ఉండగానే ఓ రోజు కుప్పకూలి కన్నుమూశాడు.

అలాంటి బుల్లెమ్మ, ఇన్నేళ్ళకి, ఇదే ఆశ్రమంలో కనిపించింది. తాడో పేడో తేల్చేసుకుందామనుకుంది సంపూర్ణమ్మ. కడుపులో దాచుకున్న తిట్లన్నీ పదును పెట్టుకుని వెళ్ళేసరికి ఏముంది, ఆవిడ నోరు తెరుచుకుని ఫ్యాను చూస్తోంది.

“మొన్నటిదాకా గలగలా మాట్లాడేదండీ,” అంది తెరేసమ్మ. “మీరొచ్చిన వారంలోనే ఇలా అయిపోయింది, పాపం.”

సంపూర్ణమ్మ తన ఖర్మని తిట్టుకుంది. మతిలేని దాన్ని తిడితే దున్నపోతు మీద వాన. తిట్టు తగలాలంటే తగిలే చోటుండాలి కదా!

పోనీ వదిలేద్దామా అంటే ఆ బల్లి ఇక్కడికీ వచ్చింది. రిటైరైన కండక్టరు జయకృష్ణ ఒకడున్నాడు. సంపూర్ణమ్మ సరదాపడి వంటింట్లో గరిటె పట్టిన రోజున విస్తరి ముందు చేతులు కట్టుకు కూర్చున్నాడు.

“నాకు మజ్జిగ చాలండీ. జంక్షన్ బల్లి సంగతి మాకు తెలీనిదా?”

హాలంతా నవ్వింది. సంపూర్ణమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు. తను ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు. నింద వేసిన నోరే దాన్ని తియ్యాలి. ఆ నోరు లేవాలంటే ముందు మతి లేవాలి. లేచాక, ఇందరిలో ఒప్పించి, రత్తయ్య పేరు చెప్పి మరీ కడిగెయ్యాలి.

అదీ ఆ సేవ వెనకున్న భక్తి.

పొద్దున్నే కాఫీ తాగి వచ్చి కూర్చునేది. నొక్కేది. “నీ పాపం పండకుండా నిన్ను పోనివ్వనే,” అని గొణిగేది. పక్క మంచం వాళ్ళు ఏదో స్తోత్రం అనుకునేవాళ్ళు.

గుణం కనిపించింది. ఓసారి తన చెయ్యి మడమ వైపు జారితే, బుల్లెమ్మ పాదం తనంతట తనే జరిగి బొటనవేలిని అందించింది. నరాలు మేలుకుంటున్నాయని పొంగిపోయింది సంపూర్ణమ్మ. ఇంకోసారి “ఉప్పు” అంది బుల్లెమ్మ. ఆ రోజు సంపూర్ణమ్మ జుబియాకి ఇంత లడ్డూ పెట్టి పంపింది.

ఆదివారం భోజనాలు. చక్రాల కుర్చీలో బుల్లెమ్మని కూడా హాల్లోకి తెచ్చారు. అందరూ ఉన్నారు. పప్పుచారు బకెట్టు దగ్గరికి రాగానే బుల్లెమ్మ ముక్కుపుటాలు కదిలాయి.

“బ... బల్లి...” అంది.

వడ్డిస్తున్న సంపూర్ణమ్మ గిరుక్కున ఇటు తిరిగింది. గరిటె బకెట్లో వదిలేసి కుర్చీ ముందు నేల మీద చతికిలబడింది. రెండు పాదాలూ ఒళ్ళోకి లాక్కుని, రెండు బొటనవేళ్ళూ పట్టుకుని నొక్కసాగింది.

“చెప్పవే. గుర్తు తెచ్చుకో. హనుమాన్ జంక్షన్. పడిందా? పడలేదా? చెప్పవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను.”

కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. కోపమో ఏడుపో ఆవిడకే తెలీదు. జయకృష్ణ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. తెరేసమ్మ వడ్డన ఆపేసింది. హాల్లో ప్రతి ఒక్కరూ ఇటే చూస్తున్నారు.

బుల్లెమ్మ చూపు ఫ్యాను మీంచి దిగింది. హాలు ఈ చివర్నించి ఆ చివరిదాకా నిదానంగా కలయజూసింది. పైట సర్దుకుంది.

“మొత్తానికి నలుగురిలో నా కాళ్ళు పట్టుకున్నావు సంపూర్ణం, మరి మీ ఆయనకిచ్చిన మాట నేను తప్పకూడదు కదా, బల్లి పడలేదు.”